నాన్నకు లింఫోమానా, టీబీనా? ఏడు వారాలుగా తేలడం లేదు, ఆయనకు ఏం చెప్పాలో తోచడం లేదు

చిన్నకొడుకు:

నాన్నకు 68 ఏళ్లు. 34 ఏళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఏదైనా కాగితం మీదికి ఎక్కితేనే ఆయనకు నిజం. ఆకలి తగ్గిందని అనిపించిన రోజు నుంచి, అంటే సుమారు మూడు నెలలుగా, పొద్దున్నే బరువు చూసుకుని చొక్కా జేబులో పట్టే చిన్న డైరీలో పెన్సిల్‌తో రాసుకుంటున్నారు. మొదటి పేజీలో 71.2 ఉంది. నిన్నటిది 64.8. మధ్యలో తేదీలు, అంకెలు తప్ప ఒక్క మాట లేదు.

గడ్డం గీసుకుంటుంటే మెడకు ఎడమవైపు, కాలర్ ఎముకకు కాస్త పైన బిళ్లలా చేతికి తగిలిందట. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. అమ్మ కంటపడేసరికి గోలీకాయంత అయింది. ముందు ఇన్ఫెక్షన్ అన్నారు, 10 రోజులు యాంటీబయాటిక్ వాడాం, తగ్గలేదు. ఎఫ్ఎన్ఏసీ అని సన్న సూదితో కణాలు లాగి పరీక్ష చేస్తే శాంపిల్ సరిపోలేదని రిపోర్టు వచ్చింది. వారం ఆగి మళ్లీ చేశారు. ఈసారి లింఫ్ కణాలు తేడాగా ఉన్నాయని, గ్రాన్యులోమా (టీబీలాంటి జబ్బుల్లో ఏర్పడే కణాల ముద్ద) కూడా కావచ్చని, బిళ్ల నుంచి ముక్క తీసి చూడాలని రాశారు. సీటీ స్కాన్‌లో ఛాతీ మధ్యలో కూడా బిళ్లలు కనబడ్డాయి. లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్ కావచ్చు, టీబీ కావచ్చు అన్నారు. మా పరిస్థితి అక్కడే ఆగిపోయింది.

బయాప్సీకి తేదీ ఇచ్చి, ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి క్లోపిడోగ్రెల్ ఆపారా అని అడిగారు. రెండేళ్ల కిందట స్టెంట్ వేసినప్పటి నుంచి నాన్న రక్తం గడ్డకట్టకుండా ఆ మాత్ర వాడుతున్నారు. ఆపమని మాకెవరూ చెప్పలేదు. వాయిదా వేశారు. గుండె డాక్టరు దొరకడానికి 8 రోజులు పట్టింది. ఆయన సరేనన్నాక సర్జన్ సెలవు పెట్టారు. చివరికి లావు సూదితో కోర్ బయాప్సీ చేశారు. ముక్క చిన్నదిగా వచ్చింది, ఉన్నదాన్నే ఐహెచ్‌సీ అని కణాలు ఏ రకమో చూసే పరీక్షకు బయటి ల్యాబ్‌కి పంపామన్నారు. పంపి 12 రోజులైంది. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ల్యాబ్‌ని అడగమంటారు. ల్యాబ్‌ని అడిగితే రిపోర్టు హాస్పిటల్‌కే ఇస్తామంటారు.

మొన్న రాత్రి 3 గంటలకు బాత్రూంలో నీళ్ల చప్పుడు వినిపించి లేచాను. తలుపు దగ్గరగా వేసుంది. నాన్న చెమటకి తడిసిన బనియన్ విప్పి పంపు కింద పిండుతున్నారు, చప్పుడు రాకుండా పంపు సన్నగా తిప్పుకుని. కడ్డీ మీద అప్పటికే ఇంకో బనియన్ ఆరేసి ఉంది. అమ్మ లేస్తుందేమోనని ఆయన భయం. నేను వెనక్కి వచ్చి పడుకున్నాను. పలకరించి ఉండాల్సింది, గొంతు పెగల్లేదు.

ఆయనకు మేము చెప్పింది "ఏదో ఇన్ఫెక్షన్, టెస్టులు చేస్తున్నారు" అని మాత్రమే. అక్క దూరంగా ఉంటుంది. రిపోర్టు వచ్చేదాకా క్యాన్సర్ అనే మాట ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది. అమ్మకి సగం తెలుసు. నాన్న అడగరు. అడగకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఇంకో సంగతి. తెలిసిన డాక్టరు ఒకరు "ఇంత ఆలస్యం ఎందుకు, టీబీ మందులు మొదలుపెట్టి చూడండి, వాపు తగ్గడానికి కొన్నాళ్లు స్టెరాయిడ్ వేయండి" అన్నారు. ఇలా చేయొచ్చా? రిపోర్టు కోసం ఎవరి వెంట, ఎలా పడాలి? గట్టిగా అడిగితే నాన్నని సరిగా చూడరేమోనని కూడా బెరుకుగా ఉంది. అన్నిటికంటే, ఏదీ తేలకుండా ఆయనతో ఏం మాట్లాడాలి? ఇది దాటి వచ్చినవాళ్లు ఉంటే చెప్పండి.


ల్యాబ్ బెంచి:

నేను డాక్టర్ని కాదు. హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో 16 ఏళ్లుగా టెక్నీషియన్‌ని. ముక్కలు మా చేతుల మీదుగానే స్లైడ్లవుతాయి, అందుకని ఆ వైపు సంగతి చెప్తాను.

ముందు స్టెరాయిడ్ గురించి, ఎందుకంటే మీ పోస్టులో నన్ను కంగారు పెట్టింది అదే. లింఫోమా అనుమానం ఉన్నప్పుడు ముక్క తీయకముందే స్టెరాయిడ్ పడితే ఆ కణాలు చాలావరకు చచ్చిపోతాయి. బిళ్ల తగ్గుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఆ తర్వాత తీసిన ముక్కలో మాకు చచ్చిన కణాలే కనబడతాయి, ఏ జబ్బో చెప్పలేని రిపోర్టు ఇంకొకటి వస్తుంది. ఊపిరాడని ఎమర్జెన్సీలాంటిది వచ్చి, చూస్తున్న డాక్టరే ఇవ్వాలంటే అది వేరే మాట. అంతవరకు పక్క సలహాల మీద ఒక్క మాత్ర కూడా వేయకండి. ఇప్పటికే వేసి ఉంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి.

టీబీ మందులు వేసి చూడటం గురించి నిర్ణయం మీ డాక్టరుది. కానీ "వేసి చూడటం" వల్ల తొందరగా తేలుతుందనుకోవద్దు. మామూలుగా ఆ కోర్సు 6 నెలలు. నిజంగా టీబీయే అయినా, మందులు వేసుకుంటుండగానే బిళ్ల పెద్దదవడం ఉంటుంది. అంటే పెరిగినా అర్థం కాదు, తగ్గడానికి ఎన్నాళ్లు ఎదురుచూడాలో తెలియదు. ముక్క చేతికొచ్చే అవకాశం ఉండగా ఆ దారి పట్టడం నాకైతే మనసొప్పదు.

ఆలస్యం ఎక్కడెక్కడ అవుతుందో చెప్తాను. ముక్క ముందు ఫార్మలిన్‌లో గట్టిపడాలి. తర్వాత రాత్రంతా మెషీన్‌లో ఉండి నీరంతా పోగొట్టుకుని మైనంలో దిమ్మలా మారుతుంది. దాన్నే మేం బ్లాక్ అంటాం. ఆ బ్లాక్ నుంచి 3, 4 మైక్రాన్ల మందంతో పొరలు కోసి, గోరువెచ్చటి నీటి మీద తేలనిచ్చి, గాజు పలక మీదకు ఎత్తి రంగు వేస్తాం. ఇంతవరకు రెండు మూడు రోజుల పని. చూసి పాథాలజిస్టుకి అనుమానం ఉంటే ఐహెచ్‌సీ అడుగుతారు. సీడీ20, సీడీ3, సీడీ30, సీడీ15 ఇలా ఒక్కో గుర్తుకి ఒక్కో పొర కోయాలి. మొదటి విడత చూశాక రెండో విడత కావాలనిపించడం మామూలే. మీ విషయంలో ముక్క చిన్నది. పొరలు కోస్తూ పోతే ముక్క అయిపోతుంది. 12 రోజుల తర్వాత "సరిపోలేదు" అని వస్తుందేమోనన్నది నా అనుమానం. తప్పైతే సంతోషమే.

అందుకని రేపు ఫోన్ చేసినప్పుడు "రిపోర్టు వచ్చిందా" అని అడగకండి. "లేదు" అని ఫోన్ పెట్టేస్తారు. ఇలా అడగండి: బ్లాక్ నంబరు ఎంత? అది మీ దగ్గర ఏ తేదీన చేరింది? బ్లాక్‌లో ఇంకా ముక్క మిగిలి ఉందా? రెండో విడత పరీక్షలు అడిగారా? ఇవి అడిగితే అవతలివాళ్లు లేచి వెళ్లి బ్లాక్ వెతకాల్సిందే. చెప్పడానికి కష్టంగా ఉంది కానీ, బ్లాక్ పార్సిల్‌లోనే కౌంటర్ మీద వారం రోజులు పడి ఉండటం నేను కళ్లారా చూశాను. పేషెంటు కొడుకు నంబరు చెప్పి అడిగిన రోజు అది బయటపడింది. మర్యాదగా, పేరూ తేదీ రాసుకుంటూ అడిగేవాళ్ల మీద ఎవరికీ కోపం రాదు. మాకు ఆ మనిషి గుర్తుండిపోతాడు, అంతే.

సరిపోలేదని వస్తే మీ డాక్టరుని బిళ్ల మొత్తంగా తీసే ఎక్సిషన్ బయాప్సీ గురించి అడగండి. లింఫోమాలో కణాలు ఒక్కటే చూస్తే చాలదు, బిళ్ల లోపలి కట్టుబడి ఎలా చెదిరిందో చూడాలి. సన్న సూదికి ఆ కట్టుబడి రాదు. మొత్తం బిళ్ల తీయడానికి ముందు ఒక్క మాట సర్జన్ చెవిన తప్పకుండా వేయండి: "టీబీ అనుమానం కూడా ఉంది కదా, ఒక ముక్క సెలైన్‌లో విడిగా పంపుతారా?" మొత్తం ఫార్మలిన్‌లో పడేస్తే టీబీ కల్చర్‌కి, అంటే క్రిముల్ని పెంచి చూసే పరీక్షకి పనికిరాదు, ఫార్మలిన్ క్రిముల్ని చంపేస్తుంది. కణాల రకాలను మెషీన్‌లో లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ కావాలన్నా తాజా ముక్కే కావాలి. సెలైన్‌లో పంపిన దాని మీద జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ పరీక్ష పెడితే మెషీన్ పని రెండు గంటల్లో అయిపోతుంది. కల్చర్‌కి మాత్రం 6 వారాల వరకు ఆగాలి. ఆపరేషన్ గదిలో రెండో సీసా లేక ఇంకో నెల పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

డాక్టర్లకు చేతకాక ఇదంతా జరుగుతోందని మాత్రం అనుకోవద్దు. ఈ రెండు జబ్బులకీ పోలిక అంత దగ్గర. బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు రెండింటిలోనూ ఉంటాయి. థామస్ హాడ్జ్‌కిన్ అనే డాక్టరు, లింఫోమాలో ఇప్పుడు తన పేరుతోనే పిలిచే రకం గురించి 1832లోనే రాశారు. 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్ సూక్ష్మదర్శినిలో ఆ జబ్బులో కనబడే పెద్ద కణాలను చక్కగా వర్ణించి కూడా, అది టీబీలోనే ఒక రకమని అనుకున్నారు. టీబీ వేరు, ఇది వేరు అని 1902లో డొరోతీ రీడ్ చూపించారు. ఆ కణాలకు ఇప్పటికీ వాళ్లిద్దరి పేర్లే. ఆ స్లైడ్ కనబడినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.


చిన్నకొడుకు:

చాలా థ్యాంక్స్ అండీ. స్టెరాయిడ్ ఇంకా మొదలుపెట్టలేదు, చీటీ ఇంతవరకు నా జేబులోనే ఉంది, ఇప్పుడే చించేశాను. ఒక్కటి అడగాలి: పెట్ స్కాన్ తీయిస్తే ముక్కతో పని లేకుండా తేలిపోతుందని ఒకరన్నారు. బిళ్లకి కత్తి తగిలితే జబ్బు పాకుతుందని అమ్మ భయపడుతోంది. ఈ రెండూ నిజమేనా?


ల్యాబ్ బెంచి:

పెట్ స్కాన్‌లో ఇచ్చేది ఒక రకం చక్కెర. ఎక్కువ పని చేస్తున్న కణం ఏదైనా దాన్ని లాక్కుని వెలుగుతుంది. టీబీ బిళ్ల కూడా బాగా వెలుగుతుంది. కాబట్టి వెలిగిందని క్యాన్సర్ అనలేరు. ఏ బిళ్ల తీస్తే మంచి ముక్క వస్తుందో చూపించడానికి మాత్రం బాగా పనికొస్తుంది. మీ డాక్టరు రాస్తే అందుకే రాస్తారు.

అమ్మగారి భయం చాలామందికి ఉంటుంది. బిళ్ల తీసినందువల్ల లింఫోమా పాకదు. బయాప్సీ తర్వాత జబ్బు ముదిరినట్టు కనబడేది, చాలాసార్లు బయాప్సీయే ఆలస్యంగా జరిగినందువల్ల. ఆమెకు ఈ మాట డాక్టరు నోటితో చెప్పించండి, మీరు చెబితే ఆగదు.


పెద్దమ్మాయి:

ల్యాబ్ సంగతులు పైన అన్నారు కాబట్టి నేను మూడో ప్రశ్నకే వస్తాను. మీ అక్కలాగే మా ఇంట్లో చెప్పొద్దు అన్నది నేను.

అమ్మకి పొట్టలో గడ్డ. సీఏ 125 అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువ వచ్చింది. అది క్యాన్సర్ లేని జబ్బుల్లోనూ పెరుగుతుందని డాక్టరు చెప్పారు, నేను ఆ ఒక్క మాట పట్టుకుని రెండు నెలలు లాగాను. అమ్మని బయట కూర్చోబెట్టి నేనూ తమ్ముడూ లోపలికి వెళ్లేవాళ్లం. బయటికొచ్చి మొహం తుడుచుకుని నవ్వేవాళ్లం. ఫైలు నా బ్యాగులోనే ఉండేది. ఆమెను కాపాడుతున్నానని నిజంగా నమ్మాను.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. పోయిన కొన్ని వారాలకు ఆమె పర్సు సర్దుతుంటే స్కానింగ్ సెంటర్ కవరు ఒకటి దొరికింది, మడతలు పడి మెత్తబడిపోయింది. దాని వెనక అమ్మ చేతిరాత. డాక్టర్ని అడగాలనుకున్న ప్రశ్నలు, తొమ్మిది. "ఆపరేషన్ అయితే ఎన్నాళ్లు పడుకోవాలి?" "జుట్టు పోతుందా?" "పిల్లలకు వస్తుందా?" ఆ మూడో దాని కింద రెండు గీతలు గీసింది. ఒక్కటి కూడా అడగలేదు, ఎందుకంటే మేము ఆమెను లోపలికి రానివ్వలేదు. ఆ కవరు మీద తేదీ చూశాను. మేము దాచడం మొదలుపెట్టిన మొదటి వారంలోదే అది. అంటే రెండు నెలలూ అమ్మకి తెలుసు. మేము బాధపడతామని అమ్మ మా దగ్గర దాచింది. ఒకే ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల ఒంటరిగా ఏడ్చాం.

మీ నాన్నగారు రాత్రి పంపు సన్నగా తిప్పుకున్నారని రాశారు. ఆయనకు ఏమీ తెలియదని మీరెలా అనుకుంటున్నారు?

వెళ్లి "నాన్నా, మీకు క్యాన్సర్ కావచ్చు" అని మొదలుపెట్టమని నేననను. తర్వాత ఒక పాలియేటివ్ నర్సు, అంటే జబ్బు మనిషి బాధ తగ్గించే విభాగంలో నర్సు, నాకు నేర్పింది చెప్తాను. ఆ విభాగం చివరి రోజులకే అనుకుని నేను చాలా ఆలస్యంగా వెళ్లాను. నొప్పికి, నిద్రకి, భయానికి జబ్బు ఏ దశలో ఉన్నా వాళ్ల దగ్గరకు వెళ్లొచ్చట. ఆవిడ చెప్పింది: ముందు ఆయనకు ఏం తెలుసో అడుగు. తర్వాత ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడుగు. ఆయన "నువ్వే చూసుకో, నాకొద్దు" అంటే అదీ ఆయన హక్కే, అక్కడితో ఆగు. తెలుసుకోవాలంటే, నీకు తెలిసినంతే చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. చెప్పాక వెంటనే లేచి వెళ్లిపోకు. ఈ చివరి మాట ముఖ్యం. మేమంతా చెప్పేసి వంటింట్లోకో ఫోన్ దగ్గరికో పారిపోతాం.

పక్కపక్కన కూర్చున్నప్పుడు అడగండి, ఎదురెదురుగా వద్దు. నడుస్తున్నప్పుడో, కారులోనో. కళ్లలోకి చూడక్కర్లేని చోట మగవాళ్లకు మాట తేలిగ్గా వస్తుంది. మా నాన్నతో నాకు ఇప్పుడు అలాగే కుదురుతోంది.

అక్కకి కోపం వస్తుంది, రానివ్వండి. దూరంగా ఉన్నవాళ్లకు ఏదో ఒకటి తమ చేతిలో ఉందనిపించాలి, అందుకే ఆ ఒట్లు. ఆమెకు ఒక పని ఇవ్వండి. రిపోర్టులన్నీ స్కాన్ చేసి తేదీల వరసలో పెట్టడం, రెండో అభిప్రాయానికి పంపడం దూరం నుంచే చేయొచ్చు. ఇది నా గురించి చెప్తున్నట్టే అనుకోండి.


ఆరు కీమోలు:

నేను పేషెంటుని. 2015లో నాకు 41 ఏళ్లు. బిళ్ల మెడలోనే, మీ నాన్నగారికి ఉన్నచోటే. ముక్క తీయకుండా టీబీ మందులు నాలుగు నెలలు వాడించారు. తర్వాత బయాప్సీలో హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. ఆరు సైకిళ్ల కీమో తర్వాత స్కాన్‌లో శుభ్రంగా వచ్చింది, ఇవాళ్టికీ బాగున్నాను. మీ నాన్నగారికీ ఇలాగే అవుతుందని అనను. ఆయనకు ఏదో ఇంకా తెలియదు, లింఫోమాలోనే చాలా రకాలున్నాయి. తేలితే దారి ఉంటుందని మాత్రం నా ఒంటి మీద చూసి చెప్తున్నాను.

ఎదురుచూడటం గురించి ఒకటి చెప్పాలి. కీమో కంటే నాకు ఆ నాలుగు నెలలే బరువు. కీమోకి కనీసం తేదీ ఉంటుంది. ఇంట్లో అందరూ నన్ను గాజు బొమ్మలా చూడటం మొదలుపెట్టారు. బిల్లు కట్టడానికి వెళ్తానంటే వద్దు, సంచి మోస్తానంటే వద్దు. నా గురించి నాకు తప్ప అందరికీ ఫోన్లు. మా అబ్బాయి ఒకరోజు తన లెక్కల పుస్తకం తెచ్చి "ఇది రావట్లేదు" అని ఒళ్లో పెట్టాడు. ఆ గంటసేపు నేను జబ్బు మనిషిని కాను. మీ నాన్నగారు అకౌంట్స్ మనిషి అంటున్నారు. ఆయన జబ్బు లెక్క ఆయన చేతికే ఇవ్వండి. ఏ పరీక్ష ఏ తేదీన, ఎవరు ఏం చెప్పారు, తర్వాత ఫోన్ ఎప్పుడు చేయాలి, అన్నీ ఆయన్నే రాయనివ్వండి. ఆ డైరీలో బరువొక్కటే ఎందుకు ఉండాలి?

హాస్పిటల్ వదిలి వచ్చేముందు ప్రతిసారీ ఒక ప్రశ్న అడగండి: "ఫలానా రోజుకి మీ నుంచి ఫోన్ రాకపోతే మేము ఎవరికి చేయాలి, ఏ నంబరుకి?" మనిషి పేరు తీసుకోకుండా లేవకండి.

క్లోపిడోగ్రెల్ విషయంలో జాగ్రత్త. మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపమంటారు, కానీ స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే ప్రమాదం. మళ్లీ ఆపరేషన్ పడితే గుండె డాక్టరు మాట రాతపూర్వకంగా, ఏ రోజు ఆపాలో, ఏ రోజు మళ్లీ మొదలుపెట్టాలో తేదీలతో తీసుకుని సర్జన్ ఫైల్లో ముందే పెట్టించండి. మీ మొదటి వాయిదా ఈ కాగితం లేకే కదా.

ఛాతీ మధ్యలో బిళ్లలున్నాయన్నారు. మొహం, మెడ ఉబ్బినా, మెడ మీద నరాలు పైకి తేలినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోయినా రిపోర్టు కోసం ఆగొద్దు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ చూస్తారు.

మీరు నిద్రపోతున్నారా?


చిన్నకొడుకు:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, అందరూ క్షమించాలి.

ముందు బ్లాక్ సంగతి. ల్యాబ్ బెంచి గారు చెప్పినట్టే నంబరు తీసుకుని అడిగాను. బ్లాక్ చేరింది, మొదటి విడత అయింది, రెండో విడతకు ముక్క లేదు. ఆ సంగతి హాస్పిటల్‌కి చెప్పామని వాళ్లు, మాకు చెప్పలేదని వీళ్లు. ఎవరిది తప్పో తేల్చుకునే ఓపిక నాకు లేదు. ఆ సాయంత్రమే డాక్టరుని కలిసి ఎక్సిషన్ అడిగాను. ఆయన కూడా అదే అనుకుంటున్నారట.

అప్పుడు నాన్నకి చెప్పక తప్పలేదు. మళ్లీ ఆపరేషన్ ఎందుకంటే ఇన్ఫెక్షన్ అని ఎలా చెప్పను? గుండె డాక్టరు దగ్గర కాగితం తీసుకుని తిరిగి వస్తుంటే కారులో అడిగాను. "నాన్నా, ఇది ఏమై ఉంటుందని మీరు అనుకుంటున్నారు?" చాలాసేపు మాట్లాడలేదు. నేను రోడ్డు మీదనుంచి చూపు తిప్పలేదు. ఆయన జేబులోంచి డైరీ తీసి చివరి పేజీ తెరిచి, నాకు కనబడేలా డాష్‌బోర్డ్ మీద పెట్టారు. సిగ్నల్ పడ్డాక చూశాను. "లింఫోమా" అని రాసి ఉంది, పక్కన ప్రశ్నార్థకం. కింద "టీబీ", దానికీ ప్రశ్నార్థకం. తేదీ చూస్తే అయిదు వారాల కిందటిది. సీటీ రోజు డాక్టరు నాతో ఇంగ్లీషులో చెప్పింది ఆయన విని, స్పెల్లింగ్ సరిచూసుకుని మరీ రాసుకున్నారు.

"నువ్వు టెన్షన్ పడుతున్నావని అడగలేదురా" అన్నారు.

నాకు తెలిసిందంతా చెప్పాను. తెలియదు అన్న మాట నాలుగైదు సార్లు అనాల్సి వచ్చింది. ఒక్కసారి కూడా ఆయన కంగారుపడలేదు. అమ్మకి తను చెబుతానన్నారు, ఆ రాత్రే చెప్పారు. వాళ్ల గది తలుపు వేసుకున్నారు, ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అక్కకి ఆయనే ఫోన్ చేశారు. అక్క నా మీద మండిపడింది, తర్వాత ఏడ్చింది, ఇప్పుడు ఫైళ్లన్నీ తేదీల ప్రకారం పెడుతోంది. పెద్దమ్మాయి గారూ, మీ అమ్మగారి కవరు గురించి నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

నిన్న బిళ్ల తీశారు. రెండో సీసా గురించి సర్జన్‌కి చెప్పింది నేను కాదు, నాన్న. స్ట్రెచర్ మీద పడుకునే "ఒకటి సెలైన్‌లో అండీ" అన్నారు. సర్జన్ ఆగి, నర్సుతో అక్కడికక్కడే చెప్పారు. బయటికొచ్చాక రెండు సీసాల మీదా పేరు, నంబరు నేను ఫోటో తీసుకున్నాను.

ఆరు కీమోలు గారు నిద్ర గురించి అడిగారు. ఇప్పుడు రాత్రి 3 గంటలకు నాన్న లేస్తే నేనూ లేస్తున్నాను. పొడి బనియన్ అందిస్తాను. పంపు మామూలుగానే తిప్పుతున్నారు.

రిపోర్టు ఇంకా రాలేదు. మంగళవారం 11 గంటలకు ల్యాబ్‌కి ఫోన్ చేయాలి. చేసేది నాన్నే. నంబరు, మాట్లాడాల్సిన మనిషి పేరు, అడగాల్సిన నాలుగు ప్రశ్నలు డైరీలో బరువు కింద రాసుకున్నారు.